పురిటింట్లో బేరాలా?

ఈమధ్య నలుగురాడవాళ్ళు చేరినచోట బంగారం ధర తరవాత ఎక్కువగా వినబడుతున్న మాట ఒకటుంది. "విన్నారటండీ! బాలింతనీ పసిగుడ్డునీ చూసుకునే ఆయాకి నెలకి 30 వేలట!" అంటుంది ఒకావిడ. విన్నావిడ ముక్కుమీద వేలేసుకుంటుంది. మూడో ఆవిడ, "మా కాలంలో ఇవన్నీ ఎక్కడివమ్మా? మేం కనలేదూ, పెంచలేదూ?" అని తీర్పు చెప్పేస్తుంది. దాంతో సభ ముగుస్తుంది.

ఆ ధర విని నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. ఆ ముక్కుమీద వేళ్ళు చూస్తేనే ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఆ వేళ్ళు మనవి, ఆడవాళ్ళవి. పురుడంటే ఏమిటో, రాత్రి రెండు గంటలకి పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే పచ్చి బాలింత ప్రాణం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళవి. మగవాళ్ళు "అంత డబ్బా?" అంటే పాపం తెలియక అన్నారనుకోవచ్చు. మనమే అంటే ఏమనుకోవాలి?

అసలీ ఆయా ఎవరో, ఏం చేస్తుందో చూద్దాం. హైదరాబాదులో ఏజెన్సీలవాళ్ళు ఈవిడని "జాపా ఆయా" అంటున్నారు. జాపా అంటే హిందీలో పురుడు. చేతిసంచీతో వస్తుంది. నలభై రోజులో, రెండు మూడు నెలలో మనింట్లోనే ఉంటుంది. పిల్లకి నూనె రాసి, కాళ్ళు చాపుకుని, ఆ కాళ్ళమీద పడుకోబెట్టి నీళ్ళు పోస్తుంది. తల్లికి ఒళ్ళు పడుతుంది, పథ్యం వండి పెడుతుంది. రొమ్ము పట్టని పిల్లకి పట్టించడం నేర్పుతుంది. పాలు తాగిన పిల్లని భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమురుతుంది. పగలనకా రాత్రనకా గుడ్డలు మారుస్తుంది, ఉతుకుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైన పని, రాత్రి మేలుకుని ఉండడం. తల్లి కాస్త కన్ను మూయాలంటే ఇంకొకరు కన్ను తెరుచుకుని ఉండాలి. ఆ 30 వేలూ ముఖ్యంగా ఆ నిద్రకి ఖరీదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. లెక్కలంటే మనకేం భయం లేదుగా, పాలవాడి దగ్గరా కూరలవాడి దగ్గరా రోజూ వేసేవేగా! మా ఫ్లాట్లలో ఒకరింటికి ఏజెన్సీవాళ్ళు చెప్పిన ధరే తీసుకుంటాను. జీతం 30,000. మనిషి గుమ్మం తొక్కకముందే ఏజెన్సీకి వేరే 15,000. నెలకి 30 రోజులు, రోజుకి 24 గంటలు, వెరసి 720 గంటలు. 30,000ని 720తో భాగించండి. గంటకి 41 రూపాయల 66 పైసలు! పోనీ, ఆవిడ ఎనిమిది గంటలు పడుకుంటుందనే అనుకుందాం. పసిపిల్ల ఉన్న ఇంట్లో ఎనిమిది గంటలు ఎవరు పడుకున్నారో నాకైతే తెలీదు, అయినా అనుకుందాం. అప్పుడైనా గంటకి 62 రూపాయల 50 పైసలు. ఆ డబ్బు పార్లరులో ఇస్తే కనుబొమలు దిద్దుతారు. అదీ అయిదు నిమిషాల పని. అక్కడ మనం నోరెత్తం. పైగా వచ్చేటప్పుడు ఆ అమ్మాయి చేతిలో ఇంకో పది పెట్టి వస్తాం.

"తిండీ బసా మనవేగా, అది లెక్కలోకి రాదూ?" అంటారు. తిండి సరే. బస అంటే ఏమిటండీ? బాలింత మంచం పక్కన నేలమీద ఒక చాప. పిల్ల కదిలితే లేవాలని అక్కడ పడుకోబెడుతున్నాం కాని, సుఖంగా నిద్రపొమ్మని కాదు. దాన్ని బస అనకండి, కాపలా అనండి. కాపలాకి కూలి ఇవ్వాలి గాని, కూలిలోంచి కోత పెట్టకూడదు.

ఇక "మేం కనలేదూ, పెంచలేదూ?" అన్న మాట. కన్నారు, కాదన్నదెవరు? కాని మిమ్మల్ని చూసుకున్నదెవరో ఒక్కసారి గుర్తు చేసుకోండి. తొలి కానుపుకి పిల్లని పుట్టింటికి తీసుకొచ్చేవారు. అక్కడ అమ్మ ఉండేది, అమ్మమ్మ ఉండేది, పెళ్ళికాని పిన్ని ఉండేది, మొగుడు పోయి పుట్టింట్లో పడి ఉన్న పెద్దమ్మ ఒకావిడ ఉండేది. శొంఠి దంచేదొకరు, కాయం ముద్ద చేసేదొకరు, కుంకుళ్ళు నలిపేదొకరు, సాంబ్రాణి వేసేదొకరు. మంత్రసాని వచ్చి నీళ్ళు పోసేది. పురిటి గుడ్డలు చాకలి ఉతికేది. ఒక్క బాలింత చుట్టూ అరడజను మంది ఆడవాళ్ళు తిరిగేవారన్నమాట! ఇంటివాళ్ళకి జీతం లేదు. బయటివాళ్ళకి పురుడు వెళ్ళాక ఒక చీర, చేటెడు బియ్యం, ఇంత నూనె. చేత్తో డబ్బు తీసి ఇవ్వలేదు గనక ఖర్చు కాలేదనుకున్నాం. ఆ పెద్దమ్మ బతుకు బతుకంతా వరసగా అందరి పురుళ్ళకీ ఖర్చయిపోయింది. అది ఏ పద్దులోనూ ఎవరూ రాయలేదు.

ఇవాళ అమ్మ తనే ఉద్యోగానికి వెళ్తోంది, లేదా మోకాళ్ళు పట్టుకుని కూచుంది. పిన్ని బెంగుళూరులో ఉంది. అలా పడి ఉండే పెద్దమ్మలు లేరు, లేకపోవడమే మంచిది. కాని పని తగ్గిందా? పెరిగింది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, తెలంగాణలో ప్రతి నూరు కాన్పుల్లో సుమారు 61, ఆంధ్రప్రదేశ్‌లో 42 సిజేరియన్ ఆపరేషన్లే. దేశం మొత్తంమీద చూస్తే 21కి కాస్త పైన. పొట్ట కోసి కుట్లు వేసిన మనిషిని మూడు నాలుగు రోజుల్లో ఇంటికి పంపేస్తున్నారు. బరువులెత్తవద్దని చీటీ రాసిస్తున్నారు. పిల్లని ఎవరెత్తాలో మాత్రం ఆ చీటీలో ఉండదు.

"పిల్లనెత్తుకోడానికి ఏం చదువు కావాలి, అంత జీతానికి?" అన్నది మరో ఆక్షేపణ. చదువే కావాలండీ. పిల్ల కళ్ళు పచ్చబడుతున్నాయని ముందు గమనించేది ఎవరు? పాలు చాలుతున్నాయో లేదో తడిసిన గుడ్డలు లెక్కపెట్టి చెప్పేది ఎవరు? ఒళ్ళు వెచ్చగా ఉంటే ఇంట్లో మందు వెయ్యకుండా ఆస్పత్రికి పదండి అనేది ఎవరు? ఇదంతా ఒకరు నేర్పితే వచ్చేది, నాలుగు ఇళ్ళల్లో చేస్తే కుదిరేది. అలాగని వచ్చినావిడల్లా ధన్వంతరి అని నేను చెప్పను. పిల్ల ముక్కులో, చెవిలో నూనె పోసేవాళ్ళున్నారు. నాలిక మీద తేనె రాసేవాళ్ళున్నారు. గదంతా ఊపిరాడకుండా సాంబ్రాణి పొగ పట్టేవాళ్ళున్నారు. ఇవేవీ చెయ్యవద్దని పిల్లల డాక్టర్లు నెత్తీనోరూ కొట్టుకుని చెబుతున్నారు. అందుకే నేననేది, నేర్పున్న మనిషిని వెతకండి, ఆ నేర్పుకి తగ్గ డబ్బివ్వండి అని. ధర కోసి కోసి బేరమాడినావిడకి దొరికేది నేర్పున్న మనిషి కాదు, ఆ పూటకి ఇంకెక్కడా పని దొరకని మనిషి. ఆవిడ చేతిలో పెట్టేది మూడు కిలోల పసిగుడ్డునని మరిచిపోతే ఎలా?

ఇంత పొదుపుగా ఆలోచించేవాళ్ళు అన్నిటికీ అలాగే ఉంటే నేను నోరెత్తేదాన్ని కాదు. బారసాలకి ఫంక్షన్ హాలు మాట్లాడతారు. రెండువందల మందికి భోజనాలు. విస్తరి 500 చొప్పున వేసుకున్నా ఒక్క పూటకి లక్ష రూపాయలు. పువ్వుల ఉయ్యాల వేరు, ఫొటోలు వేరు, వచ్చినవాళ్ళ చేతిలో పెట్టే డబ్బాలు వేరు. ఆ లక్షకి ఎవరూ ముక్కుమీద వేలెయ్యరు. ఆ భోజనాలు మధ్యాహ్నం మూడింటికల్లా అరిగిపోతాయి. ఆ లక్షతో ఆయా మూడు నెలలు మీ పిల్లని గుండెకి హత్తుకుని ఉండేది. నలుగురికీ కనబడే ఖర్చుకి చెయ్యి సాగుతుంది, నాలుగు గోడల మధ్య ఖర్చుకి ముడుచుకుంటుంది. ఇది పొదుపంటే నేనొప్పుకోను.

ఈ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న ప్రశ్న ఇంకోటుంది. పురుడు పుట్టింటివాళ్ళే పొయ్యాలన్నది మన ఆచారం గదా! ఆస్పత్రి ఖర్చు పుట్టింటివాళ్ళది, మందులు పుట్టింటివాళ్ళవి, ఇప్పుడీ ఆయా కూడా పుట్టింటివాళ్ళ నెత్తినే. అత్తవారు మాత్రం పదకొండో రోజున పళ్ళెం నిండా పళ్ళతో వచ్చి, "పిల్లాడు అచ్చం మావాడే" అని మురిసిపోయి వెళ్తారు. ఇంటిపేరు వాళ్ళదీ, ఆయా జీతం వీళ్ళదీనా? ఇదెక్కడి న్యాయమండీ? ఉద్యోగం నుంచి దిగిన తండ్రి పింఛనులోంచి 30 వేలు తియ్యాలంటే ఎలా ఉంటుందో అడిగినవారున్నారా? కన్నది ఇద్దరు. సంపాదించేది చాలా ఇళ్ళల్లో ఇద్దరు. ఈ జీతం ఆ ఇద్దరి సంపాదనలోంచి రావాలి. పెద్దవాళ్ళు ముచ్చటపడి ఇస్తే అది కానుక, హక్కు కాదు.

భర్తగారి సంగతి కూడా తేలాలి. 2019లో మన కేంద్ర గణాంక శాఖవారు, దేశంలో ఎవరు రోజంతా ఏం చేస్తూ గడుపుతారని ఒక సర్వే చేశారు. ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్ళు పెట్టేది 97 నిమిషాలు. అదీ అసలు ఇంటిపని ముట్టుకునే మగవాళ్ళ లెక్క. ముట్టుకోనివాళ్ళే ఎక్కువ. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే తండ్రికి పిల్ల పుడితే 15 రోజుల సెలవు ఉంది. ప్రైవేటు కంపెనీల్లో వాళ్ళ దయ, తండ్రి ప్రాప్తం. ఆ సెలవు ఉన్నవాళ్ళయినా ఏం చేస్తున్నారు? చుట్టాలని బస్‌స్టాండు నుంచి తెచ్చి దింపుతున్నారు! రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా తండ్రి పిల్లని ఎత్తుకుంటే ఆయా రాత్రి ఉండక్కర్లేదు. పగటి ఆయాతో సరిపోతుంది, ఖర్చు సగానికి దిగుతుంది. కాబట్టి ఆయా జీతం ఎక్కువన్న మగవాడిని ఆ నాలుగు గంటలూ మేలుకోమనండి. జీతం సంగతి తెల్లారాక మాట్లాడదాం.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్నది ఆ ఆయా గురించి. నేను చెప్పిన ఆ ఇంటికి వచ్చినావిడది రాజమండ్రి దగ్గర పల్లె. నలభై అయిదేళ్ళుంటాయి. పిల్లకి పొట్ట ఉబ్బరంగా ఉందని, ఆముదం రాసి వెచ్చజేసి వెయ్యడానికి రెండు తమలపాకులు కావాలని ఒకరోజు మా ఇంటికొచ్చింది. పేరడిగితే ఆశ్చర్యంగా చూసింది. నెల్లాళ్ళయింది వచ్చి, ఇంటిల్లిపాదీ "ఆయా" అనే పిలుస్తున్నారట. మాటల్లో చెప్పింది: "మా అమ్మాయి వచ్చే నెల్లో నీళ్ళాడుద్దండి. తొలి కానుపండి. మజ్జెలో ఎల్తే జీతం సగం కోసేత్తారంటండి. ఆ డబ్బులు దాని ఆసుపత్రికేనండి. పక్కింటోళ్ళకి సెప్పానండి, కాత్త సూడమని."

విన్నారా? మన పిల్లల పురుళ్ళు పోస్తున్న తల్లి తన పిల్ల పురుడు పక్కింటివాళ్ళకి అప్పజెప్పి వచ్చింది. ఇలాంటిదాన్ని పట్టుకుని మనం "గీరగా అడుగుతోంది, 25కి తగ్గించండి" అంటున్నాం!

చట్టం లేదా అంటారేమో. మన అమ్మాయిలకి ఉంది. ప్రసూతి సెలవు 12 వారాలున్నదాన్ని 2017లో 26 వారాలు చేశారు. ఎంతో సంతోషం. కాని అది పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థలకి. ఒకే ఒక్క ఆయా పనిచేసే మన వంటింటికీ పురిటి గదికీ అది రాదు. ఇంటిపనివాళ్ళకి వారానికి వరసగా 24 గంటలు విశ్రాంతి ఉండాలని 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక ఒప్పందం చేసింది. మన దేశం ఇంతవరకు దాన్ని ధ్రువపరచలేదు. చట్టం గడప దగ్గర ఆగిపోయింది గనక గడప లోపల న్యాయం ఇల్లాలి చేతిలో ఉంది. అంటే మన చేతిలో.

ప్రభుత్వంవారిని కూడా వదలక్కర్లేదు. పుట్టిన పిల్లని ఆశా కార్యకర్త ఇంటికొచ్చి చూసే పథకం 2011లో వచ్చింది. ఆస్పత్రిలో పుట్టిన పిల్లయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు రావాలి. బరువు చూడాలి, ఒళ్ళు వెచ్చన చూడాలి, తల్లికి పాలివ్వడం చెప్పాలి. మంచి పథకం. ఈ ఆరుసార్లకీ కలిపి ఆవిడకి పెట్టిన ప్రోత్సాహకం 250 రూపాయలు. ఆరుతో భాగించండి. ఒక్కో రాకకి 41 రూపాయల 66 పైసలు! మన ఆయా గంట కూలీ, సర్కారువారి ఆశా రాకకూలీ పైసలతో సహా ఎంత చక్కగా కలిశాయో చూశారా? పసిపిల్లలని చూసే ఆడవాళ్ళ విలువ ఎంతో ఇంట్లోనూ సర్కారులోనూ ఒకే తక్కెడతో తూస్తున్నారన్నమాట. నెదర్లాండ్స్ దేశంలో కాన్పయిన ఇంటికి శిక్షణ పొందిన ప్రసూతి సహాయకురాలు వచ్చి మొదటి వారం పది రోజుల్లో 24 నుంచి 80 గంటల దాకా తల్లినీ పిల్లనీ చూసి వెళ్తుంది. ఖర్చులో పెద్దభాగం ఆరోగ్య బీమాది, కొద్దిగా ఇంటివాళ్ళది. అక్కడ కూడా పుట్టేది ఇలాంటి పిల్లలే గదా!

అమెరికాలో ఉన్న మన పిల్లల మాట కూడా చెప్పాలి. అక్కడ ఆయా అంటే ఆస్తులమ్మాలి. అందుకని అమ్మకి టిక్కెట్టు పంపిస్తారు. వీసా మీద ఆరునెలలు అమ్మ, ఆవిడ దిగగానే ఆరునెలలు అత్తగారు. డ్యూటీ మారినట్టు మారతారు. మనవణ్ణి ఎత్తుకోవడం ఏ అమ్మమ్మకి చేదు? కాని బయట మంచు, లోపల వంట, భాష రాదు, వీధిలోకి వెళ్ళలేదు, ఇంటి దగ్గర తాతగారికి చక్కెర జబ్బు. ఆవిడ కూడా జీతం లేని ఆయాయే. అయితే ఆవిడ మన మనిషి గనక ఆ మాట మనం అనం. అనకపోయినా లెక్క లెక్కే.

"ఇన్ని చెప్పారు, అసలు మా దగ్గర అంత లేదమ్మా" అనేవాళ్ళున్నారు. నిజమే. ప్రైవేటు బళ్ళో పంతులమ్మకీ, కొట్లో గుమాస్తాకీ 30 వేలు ఎక్కణ్ణుంచి వస్తాయి? వాళ్ళని నేనేమీ అనను. ఇవ్వలేకపోవడం వేరు, ఇవ్వగలిగి కూడా ఏడవడం వేరు. లేనివాళ్ళు తక్కువ డబ్బుకి 24 గంటల మనిషిని అడగవద్దు, ఉన్న డబ్బుకి తగ్గ గంటలు అడగండి. పొద్దున్న రెండు గంటలు వచ్చి ఇద్దరికీ నీళ్ళు పోసి వెళ్ళే మనిషి చాలదా? మూడు నెలల బదులు మొదటి ఆరువారాలు చాలవా? బారసాలకి వచ్చే చుట్టాలు వెండిగిన్నె తెస్తారు. ఇంట్లో అప్పటికే నాలుగుంటాయి. ఈసారి సిగ్గుపడకుండా చెప్పండి: "పిన్నీ, గిన్నె వద్దు, ఒక వారం ఆయా జీతం ఇవ్వు" అని. ఆ వారంలో బాలింత పడుకున్న నిద్ర వెండికన్నా విలువైంది కాదుటండీ?

పెట్టుకోగలిగినవాళ్ళకి మాత్రం నాలుగు మాటలు. ఏజెన్సీకి కట్టిన డబ్బు ఆవిడ జీతంలోంచి రాబట్టకండి. ఏ పనులు చెయ్యాలో రాగానే కాగితం మీద రాసుకోండి, పిల్లని చూసే మనిషిచేత ఇల్లంతటి అంట్లూ తోమించకండి. రాత్రి మేలుకున్న మనిషిని పగలు నాలుగు గంటలు తలుపు వేసి పడుకోనివ్వండి. వారానికో రోజు సెలవు ఇవ్వండి, ఆ రోజు భర్తగారూ మీరూ చూసుకోండి. ఇంటి దగ్గర చావో పురుడో వస్తే చేసిన రోజుల డబ్బు చేతిలో పెట్టి పంపండి. పేరు పెట్టి పిలవండి, పెద్దదయితే అక్కా అనో అమ్మా అనో అనండి. ఇవేవీ ధర్మం చెయ్యడం కాదు, పని చేయించుకున్నందుకు మర్యాద.

ఈ ఏడు మీ ఇంట్లో పురుడుంటే ఆస్పత్రికి ఇంత, మందులకింత, ఉయ్యాలకింత అని పద్దు రాస్తారుగా. ఆయా జీతం ఎప్పుడూ చివర వస్తుంది, అప్పటికి డబ్బులుండవు, బేరం మొదలవుతుంది. ఈసారి ఆ పద్దు పైనుంచి రాయండి. మొదటి వరసలో ఆయా జీతం, దాని పక్కన అబ్బాయి పేరూ అమ్మాయి పేరూ చెరి సగం. మిగిలినదాంతో ఫంక్షన్ హాలు మాట్లాడుకోండి. మిగలకపోతే మన హాల్లోనే ఉయ్యాల కట్టి పేరు పెట్టుకుందాం. పిల్లకేమీ తెలీదు, నిద్ర తీరిన తల్లి నవ్వుతూ ఉంటే దానికి అదే పండగ.